కరణంగారి దస్తూరి

తెలుగులో కరణాన్ని మెచ్చుకున్న సామెత ఒక్కటైనా ఉంటుందేమోనని చాలాకాలం చూశాను. నాకైతే తగల్లేదు. తిట్టినవి మాత్రం కొల్లలు. ఇక సుమతీ శతకకారుడి సంగతి సరేసరి. కరణాలతో ఆయనకేదో పాత తగాదా ఉన్నట్టు, ఒక పద్యంతో తనివి తీరక మళ్లీ అందుకున్నాడు. బళ్లో ఆ పద్యాలు వచ్చిన రోజున మా మాస్టారు అర్థం చెబుతూ చెబుతూ నా వంక చూసి ఆగారు. క్లాసంతా ఘొల్లుమంది. ఇంటికొచ్చి ఉడుక్కుంటూ చెబితే నాన్నగారు కూడా నవ్వారు. "పాపం, ఆయన పొలం ఏ కరణమో తక్కువ కొలిచి ఉంటాడు. తగాదా కోర్టుకెక్కలేదు, శతకానికెక్కింది" అన్నారు.

మా నాన్నగారు కరణం. వాళ్ల నాన్నగారూ, ఆయన నాన్నగారూ కరణాలే. తెనాలి వైపు, కృష్ణా పశ్చిమ డెల్టాలో, మాగాణి మధ్య ఉన్న మా ఊరికి మూడు తరాలు లెక్కలు రాసింది మా ఇంటివాళ్లే. ఇందులో గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు. ఆ రోజుల్లో మావైపు కరణీకం చాలావరకు నియోగుల ఇళ్లల్లో పుట్టుకతో వచ్చేది. తెలివితేటలతో పనిలేదు, మగపిల్లాడై పుడితే చాలు. ఇంట్లో పెద్దదాన్ని నేనే. లెక్కల్లో మా తమ్ముళ్లిద్దరూ కలిసినా నాకు సరిరారు. అయినా కరణీకం నాకు రావచ్చునన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ, నాతో సహా, కలలోనైనా రాలేదు.

ఇప్పటి పిల్లలకు కరణం అంటే పాత సినిమాల్లో జమీందారు పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడే మనిషి. అసలు పని వేరు. ఊళ్లో ఏ సెంటు నేల ఎవరి పట్టా, ఎవరు దున్నుతున్నారు, ఏ పైరు వేశారు, నీరు ఏ కాలవది, శిస్తెంత, బాకీ ఎంత అన్నది రాసిపెట్టడం కరణం వంతు. వసూలు చేయడం మునసబు వంతు. ఆ రాసే పుస్తకాల్లో తలమానికం అడంగలు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, పైరు అంటూ వరసగా గళ్లు ఉంటాయి. కరణం బలమంతా ఆ అనుభవదారు గడిలో ఉంది. పట్టా ఒకరిదై, ఆ గడిలో ఏటేటా మరొకరి పేరు పడుతూ పోతే, కోర్టుకెక్కిన రోజున ఆ పుస్తకమే సాక్ష్యం. ఒక్క కలం గీత కొంపలు నిలబెట్టగలదు, కూల్చగలదు. సామెతలు ఊరికే పుట్టలేదు.

ఆ పుస్తకాలకు సంవత్సరం జనవరితోనూ మొదలుకాదు, ఉగాదితోనూ కాదు. జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. మొగలాయిల నాటి లెక్క, ఫసలీ అంటారు. జూలైలో ఉన్న ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఆ ఫసలీ వస్తుంది. మా ఇంట్లో పుట్టుకలూ పెళ్లిళ్లూ కూడా ఈ లెక్కలోనే నడిచేవి. "అమ్మాయి పుట్టింది 1364లో" అని నాన్నగారు మామూలుగా అనేస్తే, సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అమ్మ కాఫీ గ్లాసులు అందిస్తూ, "ఏమండీ, మామూలు మనుషుల లెక్కలో చెప్పండి" అని సర్దింది.

వసారాలో పడమటి గోడవార ఆయన రాతబల్ల ఉండేది. నేలమీద చాప, దాని మీద వాలుగా ఉండే చిన్న బల్ల, నీలి సిరాబుడ్డి ఒకటి, ఎర్ర సిరాబుడ్డి ఒకటి, అద్దుడు కాగితం, కమ్మీ గీతలకు పనికొచ్చే నల్లటి రూళ్లకర్ర. ఆయన రాత పాతకాలపు గొలుసుకట్టు. కలం ఎత్తకుండా పేరంతా ఒక్క తీగలా లాగేవారు. అర, కాలు, వీసం లాంటి భిన్నాలకు పాత గుర్తులే వేసేవారు. బయటివాళ్లకు ఆ రాత అర్థంకాదు. కరణాలు కావాలనే అలా రాసేవారని ఊళ్లో ఒక మాట ఉండేది. అందులో కొంత నిజం లేకపోలేదని నా అనుమానం. ఏ విద్య తెలిసినవాడైనా తలుపు కాస్త ఓరగా వేసుకునే కూర్చుంటాడు.

ఆ బల్ల దగ్గర ఒక కట్టడి ఉండేది. రాసింది చెరపకూడదు. రబ్బరు మా ఇంట్లో నిషిద్ధ వస్తువు. తప్పు పడితే దాని మీదుగా ఒక్కటే గీత, అదీ కింద అక్షరం స్పష్టంగా కనపడేట్టు గీయాలి. పక్కన సరైనది రాయాలి. పొడి సంతకం, తేదీ వేయాలి. నా రెండో తరగతి లెక్కల పుస్తకంలో కూడా ఇదే పద్ధతి నడిపించారు. కొట్టివేతల పక్కన నా పొడి సంతకాలు చూసి మా టీచరుగారు ఇదేం వేషమని చెవి మెలేశారు. ఆ సంగతి చెప్పినా నాన్నగారు పద్ధతి మార్చలేదు. "ముందేం రాశామో కనపడాలమ్మాయ్. అది దాచేశాక, తర్వాత రాసింది మాత్రం ఎవరు నమ్ముతారు?" అన్నారు.

దొంగరాత పట్టుకోవడం కూడా ఆ బల్ల దగ్గరే నేర్పారు. ఎవరైనా పాత దస్తావేజు పట్టుకొస్తే ముందు చదివేవారు కాదు. దీపానికి అడ్డంగా ఎత్తిపట్టేవారు. బ్లేడుతో గీకినచోట కాగితం పలచబడి వెలుగు ఎక్కువగా దిగుతుంది. గీకిన నేల మీద మళ్లీ రాస్తే కాగితం సిరా పీల్చేసి అక్షరాల అంచులు నూగునూగుగా పాకుతాయి. వేలితో తడిమినా తెలుస్తుంది, గరుకుగా ఉంటుంది. "పది" గీకి "పదిహేను" చేసిన కాగితమొకటి నా చేతికిచ్చి, ఎక్కడుందో చెప్పమన్నారు. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మతో, "దీనికి చూపు ఉందే" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత నేను బ్యాంకు ఉద్యోగంలో చేరి లెడ్జర్ల ముందు కూర్చున్నప్పుడు, అక్కడ కొత్తవాళ్లకు చెప్పే మొదటి పాఠం కూడా ఇదే. గీకొద్దు, ఒక్క గీత కొట్టి సంతకం పెట్టు. నాకు ఆ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

బల్ల తర్వాత గొలుసు. పొలాలు కొలిచే ఇనప గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. రెండు కొసలా ఇత్తడి పిడులు. ప్రతి పది లింకులకూ ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. పది దగ్గర బిళ్లకు ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు పళ్లు, అలా నలభై దాకా. సరిగ్గా మధ్యన, యాభై దగ్గర, గుండ్రటి బిళ్ల. బురదలో కూడా వేళ్లతో తడిమి ఎంత దూరం వచ్చామో చెప్పొచ్చు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. గుణకారం తప్ప మరేమీ అక్కర్లేని లెక్క. మాకు ఎక్కాలు వచ్చింది బడిలో కాదు, గట్ల మీద.

ఇనుము కదా, లాగగా లాగగా కడియాలు సాగుతాయి. నూరు లింకుల గొలుసు ఒక్క లింకు మేర సాగిందంటే, ఎకరానికి రెండు సెంట్లు తక్కువ చూపిస్తుంది. అంటే అమ్మేవాడి నేల కొంత కొనేవాడికి ఉత్తపుణ్యానికి పోతుంది. అందుకని మా పెరట్లో ప్రహరీ వెంట రెండు రాళ్లు పాతించారు, వాటి తలల మీద గాట్లు. ఆ గాటు నుంచి ఈ గాటుకి 66 అడుగులు. కొలతకు వెళ్లబోయే ముందు గొలుసు అక్కడ పరిచి సరిచూడందే బయటికి తీసేవారు కాదు. వచ్చిన రైతులు అరుగు మీద కూర్చుని, "మొన్నేగదండీ చూశారు" అని విసుక్కునేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. ఊరి కరణాలందరూ ఇలాగే చేసేవారని నేను అనను. కొందరి గొలుసులు మనిషిని బట్టి సాగేవి, ముడుచుకునేవి.

ఆ గొలుసు రెండో కొస పట్టుకున్న మనిషి గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకం సగమే. ఆయన మా ఊరి వెట్టి. కొలతకు గొలుసు మోయడం, రాళ్ల దగ్గర తుప్పలు కొట్టడం, కబురు అందించడం, ఇవన్నీ ఆయన పని. ఊరి సర్వే రాళ్లన్నీ నాన్నగారికి కాగితం మీద తెలుసు, ఆయనకు కాలికింద తెలుసు. వరదకు మేట వేసి పూడిపోయిన రాయిని, తాడిచెట్టు నుంచి అడుగులు వేసుకుంటూ వచ్చి మడమతో చూపించేవాడు. తవ్వితే అక్కడే ఉండేది. వయసులో నాన్నగారి కంటే పెద్ద. అయినా నాన్నగారు ఏకవచనంలోనే పిలిచేవారు, ఊరంతా అంతే. గొలుసు కొస పట్టుకుని ఊరంతా కొలిచిన ఆయన మా వసారా మెట్టు ఎక్కగా నేను చూడలేదు. ఆయన పని కూడా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేదే. ఒక ఇంట్లో అది అధికారంగా దిగింది, ఇంకో ఇంట్లో చాకిరీగా దిగింది. నాన్నగారి గుణగణాలు ఎంత చెప్పినా ఈ ముక్క కొట్టివేయడానికి వీల్లేదు. కొట్టివేసినా కింద అక్షరం కనపడాలి కదా.

ఇలా పుట్టుకతో వచ్చే ఉద్యోగానికి మొదటి దెబ్బ తగిలింది మా తాలూకా నుంచే. 1895 నాటి మద్రాసు చట్టం ఒకటి గ్రామోద్యోగాలను వంశానికి కట్టబెట్టింది. తెనాలి తాలూకాలో పెరవలిపాలెం అని కొత్తగా ఏర్పాటైన గ్రామానికి మునసబు ఎవరన్న తగాదా వచ్చింది. గాజుల దశరథరామారావు అనే ఆయన, వంశం పేరు చెప్పి ఇంకొకరికి ఉద్యోగమివ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1960 డిసెంబరులో ఆయనే గెలిచారు. పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం 16వ అధికరణకు విరుద్ధమని కోర్టు తేల్చింది. ఢిల్లీలో పెద్ద పెద్ద లాయర్లు వాదించిన ఆ వ్యాజ్యానికి మూలం మా పక్క ఊరి మునసబీ అంటే మా చుట్టాల్లో చాలామంది ఇప్పటికీ నమ్మరు. నాన్నగారికి తీర్పు వచ్చిననాటి నుంచే తెలుసు. "అయితే ఇంక మా అబ్బాయిలు చదువుకోవాల్సిందే" అన్నారట. ఆ మాట ప్రకారం ఇద్దరినీ ఇంజనీరింగుకి పంపారు. నన్ను డిగ్రీ దాకా చదివించారు. అప్పటి లెక్కలో అది ఎక్కువే.

రెండో దెబ్బ 1984 జనవరి 6. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవులన్నీ ఒక్కపెట్టున రద్దు చేసింది. తెలంగాణలో పట్వారీలు, పటేళ్లు కూడా ఆ దెబ్బతోనే పోయారు. పండక్కి ఇంకా వారం ఉంది. చాలా ఊళ్లల్లో జనం సంబరపడ్డారు. మా ఊళ్లో కూడా ఒకరిద్దరు టపాకాయలు కాల్చారు. పెత్తనాలు పోయినందుకు జనం సంతోషించడం న్యాయమేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. నాలుగైదు కుటుంబాల చేతిలో ఊరి నేలంతటి గుట్టూ ఉండడం మంచిది కాదు, ఆ కుటుంబాల్లో ఒకటి మాదైనా సరే. కరణాలు కోర్టుకి వెళ్లారు. 1985లో సుప్రీంకోర్టు ఆ ఆర్డినెన్సు చెల్లుతుందని చెప్పేసింది. నాన్నగారు చందా ఇచ్చారు గానీ వ్యాజ్యంలో చేరలేదు.

ఆయనకు కోపం రాలేదా అంటే వచ్చింది. అయితే దేనికి వచ్చిందో విన్నవాళ్లు నవ్వుతారు. "తీసేయదలిస్తే తీసేయనీ. జనవరిలో ఏమిటి? 1393 ఫసలీ ఇంకా సగంలో ఉంది. రెండో పైరు అజమాయిషీ కాలేదు, శిస్తు రాలేదు, ఏడాది లెక్కల జమాబందీ కాలేదు. లెక్క మధ్యలో మనిషిని లేపేస్తారా? జూన్ 30 దాకా ఆగలేకపోయారా?" ఈ మాట ఆయన పోయేదాకా అన్నారు. ప్రభుత్వాల మీద ఆయనకున్న ఒకే ఒక్క ఫిర్యాదు అదే.

పుస్తకాలు అప్పజెప్పమని కబురు వచ్చింది. చాలాచోట్ల ఏం జరిగిందో అందరికీ తెలుసు. కొందరు సగమే ఇచ్చారు. కొందరు పెట్టెలకు తాళాలు వేసి కాశీకి వెళ్లారు. కొన్ని అడంగళ్లు అటకెక్కాయి, కొన్ని పొయ్యిలోకి వెళ్లాయన్నారు. పుస్తకం చేతిలో ఉంటే రేపు మళ్లీ మన గుమ్మంలోకే వస్తారన్న ఆశ కొందరిది, పోయిన ఉద్యోగం మీద కసి ఇంకొందరిది. మా నాన్నగారు సంక్రాంతి పిండివంటల వాసన మధ్య వసారాలో కూర్చుని జాబితా రాశారు. పొలం కొలతల ఎఫ్.ఎం.బి. పటాలు, సర్వే నంబర్లవారీ డైగ్లాట్ రిజిస్టరు, ఫసలీవారీ అడంగళ్లు, రైతులవారీ పది-ఒకటి ఖాతాలు, అన్నిటికీ పేజీల సంఖ్యలు వేశారు. చెదలు తిన్న పేజీ ఉంటే "చెదలు" అని రాశారు. కార్బను పెట్టి రెండు ప్రతులు.

పుచ్చుకోవడానికి వచ్చినతను కుర్రవాడు, కొత్తగా చేరినట్టున్నాడు. సాయంత్రం బస్సు అందుకోవాలన్న తొందర. "మీరు రాశారుగా కరణంగారూ, సంతకం పెట్టేస్తాను" అన్నాడు. "కరణాన్ని కాదు బాబూ, మొన్నటితో అయిపోయింది. పేజీలు లెక్కపెట్టుకునే సంతకం పెట్టండి" అన్నారు నాన్నగారు. ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారు. బస్సు పోయింది. అమ్మ అతనికి అన్నం పెట్టింది, అరిసెలు పొట్లం కట్టిచ్చింది. మర్నాడు రెండెడ్ల బండి మీద పెట్టెలు చావడికి వెళ్లాయి. గొలుసు కూడా ఇచ్చేశారు. అది మా తాతగారి డబ్బుతో కొన్నదేమో కదా, ఉంచుకోవచ్చుగా అని తమ్ముడన్నాడు. గొలుసు మీద ప్రభుత్వం ముద్ర ఉందని నాన్నగారు చూపించారు. ఇంట్లో మిగిలింది రసీదు, రాతబల్ల, పెరట్లో రెండు రాళ్లు.

ఉద్యోగం పోయాక మనుషులు రావడం తగ్గుతుందనుకున్నాం. అలా జరగలేదు. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు పంచుకోవాలనుకున్నా, తాత రాసిన పంపకాల పారీఖత్తు చదివించుకోవాలన్నా మా అరుగు మీదికే వచ్చేవారు. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వాళ్ల తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు. మధ్య గట్టు పెద్దవాడు జరిపాడని చిన్నవాడు, అసలు మొదటినుంచీ అక్కడే ఉందని పెద్దవాడు. ఆ సర్వే నంబరులో ఏ మూల ఎన్ని లింకులో నాన్నగారికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. మేం పక్కన కూర్చుని, చెప్పేస్తారనే అనుకున్నాం. ఆయన చెప్పలేదు. "నాకు గుర్తుండడం సాక్ష్యం కాదురా. ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టండి, నేను రాసిస్తాను" అన్నారు.

నకలు వచ్చాక వాళ్లతో పొలం వెళ్లారు. టేపు ఒక కొస ఆయన పట్టుకున్నారు, ఇంకో కొస మా వెట్టిగారి కొడుకు. కాలవ మట్టి కింద రాయి బయటపడింది. చిన్నవాడు చెప్పిందే నిజం, కానీ జరిగింది అతను చెప్పినంత కాదు, అందులో సగమే. ఇద్దరూ అక్కడికక్కడే ఒప్పుకున్నారు. తిరిగొస్తూ నాన్నగారు అన్నది నాకు తమ్ముడు చెప్పాడు: "ముందే నా నోటితో చెప్పి ఉంటే చిన్నవాడు నన్ను నమ్మేవాడు, పెద్దవాడు నమ్మేవాడు కాదు. ఇప్పుడు ఇద్దరూ రాయిని నమ్మారు."

పోయిన ఉద్యోగం ఆయనకు పెట్టిందేమీ లేదు. జీతం ఎప్పుడూ చాలీచాలనిదే. మాకున్నదల్లా పెంకుటిల్లు, తాతగారి నుంచి రాకుండా ఆయన కొనుక్కున్న రెండెకరాల చిల్లర మాగాణి. అది ఎవరికెలా వెళ్లాలన్నది మా ఇంట్లో చర్చకు వచ్చిన గుర్తు లేదు. అడగకూడని విషయమని కాదు, అడగాల్సిన పనిలేని విషయమని. నాకు పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చింది ఇచ్చారు, అక్కడితో చెల్లు. అప్పట్లో ఏ ఇంట్లోనైనా ఇంతే.

ఇక్కడ ఇంకో చట్టం సంగతి చెప్పాలి. కరణాల్ని తీసేసిన ఆ ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రం వరకు సవరించి, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. దేశం మొత్తానికి అలాంటి సవరణ 2005లో గానీ రాలేదు, ఇరవై ఏళ్ల ముందే మనం చేశాం. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు ఆ సవరణ హక్కు ఇవ్వలేదు. నా పెళ్లి అంతకు ముందే అయిపోయింది. చట్టం నన్ను గడప బయటే ఆపేసింది. పైగా మాది ఉమ్మడి ఆస్తీ కాదు, నాన్నగారి స్వార్జితం, ఆయన ఎవరికి ఇస్తే వారికి. ఆ చట్టం వచ్చినప్పుడు ఆయన పేపరు రెండుసార్లు చదివి, మడిచి రాతబల్ల కింద పెట్టుకున్నారని అమ్మ చెప్పింది. నాతో ఏమీ అనలేదు.

ఆయన పోయాక, పన్నెండో రోజు అయిన తర్వాత, పెద్దతమ్ముడు ఫైలు తెరిచాడు. అన్నిటికన్నా పైన 1984 నాటి రసీదు. దాని కింద వీలునామా, ఆయన దస్తూరితోనే, గొలుసుకట్టులో కాదు, మేం చదవగలిగేట్టు విడివిడి అక్షరాల్లో. మధ్యలో ఒక వాక్యం: ఇల్లూ పొలమూ "నా కుమారులిద్దరికీ చెరి సగం" అని. ఆ నాలుగు మాటల మీదుగా ఎర్ర సిరాతో ఒకే ఒక్క గీత. పక్కన "నా సంతానం ముగ్గురికీ సమంగా" అని ఉంది. మార్జినులో ఆయన పూర్తి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు, తేదీ. వీలునామాలో దిద్దుబాటు చేస్తే సాక్షులు కూడా అక్కడ సంతకం పెట్టాలి, లేకపోతే ఆ దిద్దుబాటు చెల్లదు. ఆ సంగతి ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తేదీ చూశాం. సవరణ చట్టం వచ్చిన మరుసటేడు.

కొత్త కాగితం తీసుకుని శుభ్రంగా రాసుకోవచ్చు. ఉన్నది ఒకటిన్నర పేజీ. గంట పని కూడా కాదు. అలా రాసి ఉంటే, మొదట నాకు ఏమీ లేదన్న సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ కొట్టివేసిన నాలుగు మాటలు చదివినప్పుడు మనసు చివుక్కుమంది, కాదని అబద్ధమెందుకు చెప్పాలి. మా అత్తవారింటివైపు పెద్దావిడ ఆ కాగితం చూసి, "ఇలా ఉంచారేమిటి, బాధపడతావని తెలీదూ?" అంది. తెలుసు. తెలిసే ఉంచారు. తను ముప్పై ఏళ్లు ఊరందరికీ చెప్పింది కూతురి విషయం వచ్చేసరికి దాటేసే మనిషి కాదు. మొదట ఏమనుకున్నారో, తర్వాత ఏమనుకున్నారో రెండూ నా ముందు పెట్టారు. నా వాటా పొలం కన్నా ఆ ఎర్ర గీతే నాకు ఎక్కువగా దక్కిందనిపిస్తుంది.

తమ్ముళ్లు పేచీ పెట్టలేదు. చిన్నతమ్ముడు కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూసి, "గీకలేదులే అక్కయ్యా" అన్నాడు. ముగ్గురం నవ్వాం. అమ్మ వంటింట్లోంచి వచ్చి, నవ్వేదేమిటని కేకలేసింది.

ఇప్పుడు మా ఊరి పొలాల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. అదే ఏడు తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) వ్యవస్థనే ఎత్తేసి భూమి రికార్డులకు ధరణి పోర్టల్ తెచ్చారు, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. రోవరు కర్ర పట్టుకుని నిలబడితే ఉపగ్రహం హద్దు చెప్పేస్తుంది. గొలుసు సాగుతుందన్న బెంగ లేదు. నాకు సంతోషమే. నాన్నగారు ఉంటే ఆ కుర్రాళ్ల వెంట గొడుగేసుకుని తిరిగి, పెరట్లో రెండు రాళ్ల మధ్య దూరం దాంతో కొలిపించేవారు. నాకున్న పేచీ ఒక్కటే. మీ ఫోనులో మీ భూమి వివరాలు తెరిచి చూడండి. నిన్న ఒక పేరుంటే ఈవేళ ఇంకోటి ఉండొచ్చు. నిన్నటి పేరు ఏది, మార్చిందెవరు, ఎప్పుడు, ఏ కాగితం చూసి అన్నది ఆ పేరు పక్కన నాకైతే కనపడలేదు. యంత్రం లోపల ఎక్కడో ఉంటుందంటారు. లోపల ఉంటే లాభమేమిటి? ఎర్ర సిరా గీత రైతు చూడగలిగేచోట ఉండాలి.

రీసర్వే వాళ్లకు పాత పటాలు, పాత అడంగళ్లు ఎన్నో ఊళ్లల్లో దొరకడం లేదు. అవి ఎక్కడున్నాయో కరణాల ఇళ్లల్లో పుట్టిన మాలాంటివాళ్లకు తెలుసు. మా బంధువుల్లోనే రెండు మూడు ఇళ్లల్లో అటకల మీద ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. అడిగితే "మా తాతగారి జ్ఞాపకం" అంటారు. కాదు. మీ తాతగారి కళ్లజోడు జ్ఞాపకం, పొడుంకాయ జ్ఞాపకం, చేతికర్ర జ్ఞాపకం. అడంగలు ఊరిది. అందులో ఎవరో కౌలురైతు పేరుంది, ఎవరో వితంతువు వాటా ఉంది, ఎవరికో ఇచ్చిన బంజరు పట్టా ఉంది. చెదలు తినేలోగా దించండి. దుమ్ము దులిపి, పేజీలు లెక్కపెట్టి, జాబితా రెండు ప్రతులు రాసి మీ మండలం తహసీల్దారు కార్యాలయంలో అప్పజెప్పండి. రసీదు తీసుకోవడం మాత్రం మరిచిపోకండి.